అల్లాయ్ చక్రాల మీద తెల్ల మచ్చలు: పాలిష్ చేస్తే పోతాయా?

బరంపురం_పాతకారు
విశ్వకర్మ పూజకు ముందు రోజు కారును మా వీధి చివరి వాటర్ వాష్ దుకాణానికి తీసుకెళ్ళాను. పని కుర్రాడు "చక్రాలు కొత్తవాటిలా చేసి ఇస్తాను" అని మూత లేని ప్లాస్టిక్ సీసాలోంచి ఏదో పిచికారీ చేశాడు. బుసబుసమని నురగ, ముక్కు మండే వాసన. కడిగాక నిజంగానే తళతళలాడాయి. పూజ అయింది, పసుపు కుంకుమలు పెట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం.

మూడో రోజు పొద్దున చూస్తే నాలుగు చక్రాల మీదా మజ్జిగ చల్లి ఆరబెట్టినట్టు తెల్ల మచ్చలు. ఆ ద్రవం కారిన దారులు కూడా గీతలు గీతలుగా కనిపిస్తున్నాయి. నీళ్ళతో తడిపితే మాయమవుతాయి, ఆరగానే మళ్ళీ ప్రత్యక్షం. కారు 2014 నాటిది, సెకండ్ హ్యాండులో కొని రెండేళ్ళయింది. దుకాణం ఆయనను అడిగితే నిమ్మరసం వల్ల అంటున్నాడు. పాలిష్ చేస్తే పోతాయట, చక్రానికి ఐదు వందలట. చేయించమంటారా?

రాయగడ_రెండోగేరు
పాడు చేసినవాడే బాగు చేస్తానంటున్నాడు. మంచి వ్యాపారం.

పర్లాకిమిడి_టీచరమ్మ
నిమ్మకాయ టైరు కింద కదా నలిగేది, చక్రం నడిబొడ్డుకు ఎలా ఎగిరింది? పాపం, నోరు లేనిది కాబట్టి దాని మీద నేరం మోపాడు.

ఘాట్_రోడ్డు
నేను అయితే వదిలేస్తాను. చక్రం ఉన్నది తిరగడానికి, ముఖం చూసుకోవడానికి కాదు.

బరంపురం_పాతకారు
@ఘాట్_రోడ్డు మీ మాట మా ఆవిడకు చూపించాను. "ఆయన కారు ఎలా ఉంటుందో ఊహించగలను" అంది.

దామన్‌జోడి_బాక్సైట్
ఇది నా ఉద్యోగానికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి.

అల్లాయ్ చక్రం అంటే చాలా వరకు అల్యూమినియమే. పోత పోసేటప్పుడు బాగా పారాలని సుమారు ఏడు శాతం సిలికాన్, గట్టిదనం కోసం కొద్దిగా మెగ్నీషియం కలుపుతారు. అల్యూమినియానికి ఒక గుణం ఉంది. గాలి తగిలిన క్షణంలోనే దాని మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, ఆ పొరే దాన్ని కాపాడుతుంది. ఆమ్లం తగిలినా ఆ పొర కరుగుతుంది, క్షారం తగిలినా కరుగుతుంది. ఇనుము క్షారానికి ఇలా కరగదు. మా ఊళ్ళో కర్మాగారం నడిచేదే ఈ గుణం మీద. పంచపట్‌మాలి కొండ మీది బాక్సైటును వేడి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే అల్యూమినా కరిగి ద్రవంలోకి వస్తుంది, ఇనుము ఎర్ర బురదగా మిగిలిపోతుంది. దీన్ని నడిపే ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో 1981లో పుట్టింది. కర్మాగారం నడక మొదలైనప్పటి నుంచి ఇక్కడ రోజూ జరుగుతున్నది అదే. బరంపురం గారి చక్రం మీద జరిగింది అదే పనికి చిన్న నమూనా, అయితే ఆమ్లంతో.

ఇంట్లో చూడాలంటే సత్తు గిన్నెను బట్టల సోడాతో తోమండి, నల్లబడుతుంది. చింతపండు పులుసు రాత్రంతా ఉంచండి, అడుగున చుక్కలు చుక్కలుగా తింటుంది.

చక్రాల మెరుగుకు అమ్మే చవక ద్రవాల్లో కొన్నిటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అంటే బాత్‌రూమ్ యాసిడ్ లాంటిదే. కొన్నిటిలో అంతకన్నా ప్రమాదకరమైన ఫ్లోరైడ్ ఆమ్లాలు ఉంటాయి. పలచగా ఉన్న ఫ్లోరైడ్ ఆమ్లం చర్మం మీద పడితే వెంటనే మంట తెలియదు. మెల్లగా లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. మీ చక్రం సంగతి అలా ఉంచి, ఆ కుర్రాడి చేతికి గ్లౌజులు ఉన్నాయా?

బరంపురం_పాతకారు
లేవు. చెప్పులు కూడా లేవు, ఆ నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు. చక్రాల గొడవలో నాకు ఆ సంగతే తట్టలేదు.

రాయగడ_రెండోగేరు
సత్తు గిన్నె అంటే ఏమిటండీ? మా ఇంట్లో దాన్ని సిల్వర్ గిన్నె అంటారు.

పర్లాకిమిడి_టీచరమ్మ
రెండూ అల్యూమినియం గిన్నెలే. వెండి ధర తెలిసినవాళ్ళు ఎవరూ అలా అనరు.

మెకానిక్_మావయ్య
కబుర్లు ఆపి అసలు విషయం చూద్దాం. పాలిష్ చేయాలా వద్దా అని అడిగే ముందు ఏ పొర పాడైందో తెలియాలి. కంపెనీ నుంచి వచ్చే అల్లాయ్ చక్రం మీద రంగు, ఆ రంగు మీద క్లియర్ కోటు అని గాజులాంటి వార్నిష్ పొర ఉంటుంది. మనం తుడిచేది, ముద్దు చేసేది ఆ వార్నిష్‌నే. లోహం చేతికి తగలదు. వార్నిష్ మీద మెటల్ పాలిష్ రుద్దితే గీతలు పడి ఇంకా మసకబారుతుంది. వార్నిష్ లేని ఉత్త అల్యూమినియం అయితే మెటల్ పాలిష్ తప్ప గతి లేదు. రెండింటికీ ఒకే మందు వేస్తానన్నవాడి దగ్గరికి వెళ్ళకండి.

పరీక్ష చాలా తేలిక. తెల్ల బనియను గుడ్డ మీద బఠాణీ గింజంత మెటల్ పాలిష్ తీసుకోండి. చక్రం చువ్వకు లోపలి అంచున, బయటికి కనిపించని చోట, పది సార్లు రుద్దండి. గుడ్డ కాటుకలా నల్లబడితే ఉత్త లోహం. నల్లబడకపోతే వార్నిష్ ఉంది. నాలుగు చక్రాలకూ విడివిడిగా చేసి చెప్పండి. ముందు బాగా కడగాలి, లేకపోతే మురికిని చూసి లోహం అనుకుంటారు.

చాందా_నల్లదుమ్ము
తడిపితే మచ్చ మాయం, ఆరితే ప్రత్యక్షం అన్నారు కదా, అంటే పై పొర గరుకుబడింది. నీళ్ళు ఆ గరుకును నింపినంతసేపు నున్నగా కనిపిస్తుంది. నాకూ ఇలాగే అయింది, నాది యాసిడ్ కాదు, బోరు నీళ్ళు. చంద్రపూర్‌లో మేలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో కడిగితే గుడ్డ అందుకునేలోపు నీళ్ళు ఆవిరై సున్నం చుక్కలు మిగులుతాయి. పైగా బొగ్గు లారీల దుమ్ము. నెల రోజులు కడగకపోతే నా తెల్ల కారు బూడిద రంగు కారు, ఆర్‌సీ బుక్కులో రంగు మార్పించాలేమో.

బరంపురం_పాతకారు
మావయ్య గారూ, పరీక్ష చేశాను, ఇప్పుడు నాకు భయంగా ఉంది.

ముందు రెండు చక్రాలు, వెనక కుడి చక్రం: గుడ్డకు కొద్దిగా గోధుమ రంగు మురికి, అంతే. వెనక ఎడమ చక్రం: మూడో రుద్దుకే గుడ్డ మసిగుడ్డ అయింది. దగ్గర నుంచి చూస్తే ఆ చక్రం ముఖం మీద గ్రామఫోను రికార్డుకు ఉన్నట్టు సన్నటి వలయాలు ఉన్నాయి. మిగతా మూడింటికి లేవు. రెండేళ్ళుగా ఈ కారు నడుపుతున్నాను, ఏనాడూ చూడలేదు.

మెకానిక్_మావయ్య
మీకు కారు అమ్మినవాళ్ళు ఆ చక్రాన్ని ఎక్కడో గట్టుకు రాశారు. లేతు మీద పెట్టి ముఖం చెక్కించి, పాలిష్ కొట్టించి, వార్నిష్ వేయకుండా బిగించారు. ఆ రోజుకు మెరుస్తుంది, అమ్మడానికి అంతే చాలు. చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి దాన్ని మళ్ళీ లేతు ఎక్కించే ముందు మందం చూడాలి.

పంక్చర్_పండితుడు
ఒక ప్రశ్న. ఆ వెనక ఎడమ టైరులో గాలి తగ్గుతూ ఉంటుందా?

బరంపురం_పాతకారు
వారానికోసారి నింపుతున్నాను!! మీకెలా తెలుసు? మూడు సార్లు పంక్చర్ షాపుకు వెళ్ళాను. తొట్టిలో ముంచి చూసి "మేకు లేదు, ఏమీ లేదు" అని పంపేశారు.

పంక్చర్_పండితుడు
టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట లోహం తెల్లగా పొడిపొడిగా పొంగి ఉంటుంది. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, ఉప్పు పూసినట్టు ఉంటుంది. ఆ గరుకు సందుల్లోంచి గాలి సన్నగా పోతుంది. తొట్టిలో ముంచి రెండు నిమిషాలు ఆగకుండా చూస్తే కానీ బుడగ కనిపించదు, మన షాపుల్లో అంత ఓపిక ఎవరికి? టైరు విప్పి ఆ కూర్చునే చోటును మెత్తటి బ్రష్షుతో లోహం నున్నగా అయ్యేదాకా శుభ్రం చేసి, బీడ్ సీలర్, అంటే టైరు అంచు సందులు మూసే పూత, రాసి ఎక్కించాలి. వాల్వు కూడా పాతదైతే మార్పించేయండి.

ఇంకొకటి. చక్రం ఊగకుండా తిరగడానికి రిమ్ము అంచుకు కొట్టే బ్యాలెన్సింగ్ ముక్కలు ఇనుపవైతే, వాటి కింద ముందు తుప్పు మొదలవుతుంది. రెండు వేరు లోహాలు, మధ్యలో తేమ, చిన్న బ్యాటరీ అన్నమాట. ఆ బ్యాటరీలో నష్టపోయేది అల్యూమినియమే. లోపలి వైపు అతికించే రకం అడగండి.

గోపాల్‌పూర్_గాలి
ఉప్పు అంటే నన్ను అడగండి. మా ఇల్లు సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరం. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది మా ఊరి దగ్గరే. పెంకులు, కొమ్మలు పడి కారు పైభాగం సొట్టలు పడితే అదే పెద్ద నష్టం అనుకున్నాం. వారం రోజులు కరెంటు లేదు, నీళ్ళు లేవు, కారు కడిగేది ఎవరు? అద్దాలు తుడిచి నడిపాం. ఆరు నెలల తర్వాత చక్రాల మీద వార్నిష్ కింద తెల్ల దారాలు పాకడం మొదలైంది. చెదపురుగు గోడ మీద దారి వేసినట్టు, ఒక గులకరాయి దెబ్బ దగ్గర మొదలై వంకరటింకరగా వెళ్తుంది. పైన గోటితో గీస్తే నున్నగానే ఉంటుంది, తుప్పు పొర కింద ఉంది. అది వచ్చాక ఏ పాలిష్షూ పనిచేయదు. మొత్తం పొర ఊడదీయవలసిందే.

ముఖం చెక్కి మెరిపించి పైన పలచని వార్నిష్ మాత్రమే వేసే చక్రాలు, అదే డైమండ్ కట్ అంటారు చూడండి, వాటికి ఇది తొందరగా వస్తుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్ళు కొత్త కారు కొంటే రంగు వేసిన చక్రాలు ఉన్న రకం తీసుకోండి. నా మాట వినరని తెలుసు, మా అబ్బాయే వినలేదు.

ఘాట్_రోడ్డు
సరే, వదిలేస్తానని అన్నందుకు అందరూ నన్ను మర్చిపోయారు. నాకు తెలిసింది ఒకటి ఉంది, చెబుతాను. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్‌కు వారానికి రెండు సార్లు వెళ్ళి వస్తాను. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూ వస్తే కిందికి చేరేసరికి ముందు చక్రాలు నల్లటి పొడి కొట్టుకుని ఉంటాయి. ఆ పొడి ఉత్త మసి కాదు. బ్రేకు డిస్కు, ప్యాడ్ల నుంచి రాలిన ఇనుప రేణువులు, అవి వేడి మీద వచ్చి వార్నిష్‌కు అతుక్కుంటాయి. తర్వాత తేమకు తుప్పు పట్టి నారింజ రంగు చుక్కలవుతాయి. ఎక్కిన గేరులోనే దిగితే సగం పొడి తగ్గుతుంది. బ్రేకులూ బతుకుతాయి, నేనూ బతుకుతాను.

రాయగడ_రెండోగేరు
నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానో ఇప్పుడైనా అర్థమైందా?

పర్లాకిమిడి_టీచరమ్మ
నా కారుకు ముందు చక్రాలే నల్లబడతాయి, వెనకవి శుభ్రంగా ఉంటాయి. ఎందుకని?

మెకానిక్_మావయ్య
బ్రేకు వేస్తే బరువు ముందుకు తూగుతుంది కాబట్టి ముందు బ్రేకుల పనే ఎక్కువ, టీచరమ్మ గారూ. పైగా మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ము బ్రేకులు. పొడి డ్రమ్ములోనే ఉండిపోతుంది.

పర్లాకిమిడి_టీచరమ్మ
అయితే నేను చేసేది చెబుతాను, తప్పుంటే దిద్దండి. ఆదివారం ఉదయం, ఎండ రాకముందు. కారు రాత్రంతా ఆగి ఉంటుంది కాబట్టి చక్రాలు చల్లగా ఉంటాయి. చక్రాలకు వేరే బకెట్టు, వేరే గుడ్డ. ఆ గుడ్డను తలుపులకు తగలనివ్వను, ఇనుప రజను గీతలు పెడుతుంది. ముందు ఉత్త నీళ్ళు ధారగా కొట్టి దుమ్ము దించుతాను. తర్వాత కారు షాంపూ నురగ. చువ్వల సందులకు మా పిల్లల పాత టూత్‌బ్రష్షు, నట్ల గుంటలకు మా ఆయన పాత గడ్డం బ్రష్షు. ఆయన గడ్డం పెంచడం మొదలుపెట్టినప్పటి నుంచి అది ఖాళీగా ఉంది. ఒక చక్రం పూర్తిగా కడిగి, తుడిచాకే రెండోది. నాలుగింటికీ నలభై నిమిషాలు.

దామన్‌జోడి_బాక్సైట్
దిద్దడానికి ఏమీ లేదు. నారింజ చుక్కలు షాంపూకు పోకపోతే ఐరన్ రిమూవర్ అని దొరుకుతుంది. చాలావాటిలో ఘాటు ఆమ్లం ఉండదు, ఇనుముతో కలిసినప్పుడు ఊదా రంగుకు మారుతుంది. చక్రం నుంచి నేరేడు పండు రసం కారుతున్నట్టు ఉంటుంది, మొదటిసారి చూసినవాళ్ళు హడలిపోతారు. వాసన మాత్రం కుళ్ళిన గుడ్డు. రెండు మూడు నిమిషాలకు మించి ఉంచకండి, ఆరనివ్వకండి, వేరే ఏ ద్రవంతోనూ కలపకండి.

చాందా_నల్లదుమ్ము
కడిగాక వ్యాక్స్ కొట్టండి. నేను పదేళ్ళుగా కొడుతున్నాను.

ఘాట్_రోడ్డు
వ్యాక్స్ చక్రం మీద ఎన్నాళ్ళుంటుంది? కార్నౌబా మైనం ఎనభై రెండు మూడు డిగ్రీలకే కరుగుతుందని డబ్బా అమ్మినతనే చెప్పాడు. ఘాట్ దిగాక నా చక్రం మీద చేయి పెట్టలేం.

చాందా_నల్లదుమ్ము
మాకు ఘాట్ లేదు. మా రోడ్డు చపాతీ పీట. మూడు వారాలు ఉంటుంది, మళ్ళీ కొడతాను. ఎవరి ఊరికి తగ్గట్టు వాళ్ళు.

గోపాల్‌పూర్_గాలి
నేను సిరామిక్ కోటింగ్ వేయించాను. దుమ్ము తొందరగా వదులుతుంది, అది నిజం. గట్టు రాస్తే మాత్రం ఏదీ ఆపదు. అప్పటికే మచ్చలున్న చక్రం మీద వేయిస్తే ఆ మచ్చల్ని గాజు పెట్టెలో పెట్టి దాచుకున్నట్టే.

రాయగడ_రెండోగేరు
మా డ్రైవరు కొబ్బరి నూనె రాసేవాడు. సాయంత్రానికి రాయగడ ఎర్రమట్టి అంతా నా చక్రాల మీదే.

మెకానిక్_మావయ్య
లారీల వాళ్ళు డీజిల్ గుడ్డతో తుడుస్తారు, అదీ చూశాను. తారు వదులుతుంది, కాదనను. కానీ డిస్కు మీద నూనె పడితే బ్రేకు జారుతుంది. కొబ్బరి నూనె అయినా అంతే, నవ్వులాట కాదు. వెంటనే మాన్పించండి.

ఇక బరంపురం గారి చక్రాలు. వార్నిష్ ఉన్న మూడింటికి మెటల్ పాలిష్ ముట్టించవద్దు. కారు బాడీకి వాడే సన్న పాలిష్ ఒక చువ్వ మీద మాత్రమే చేతితో రుద్ది చూడండి. మసక తగ్గితే పొర పైపైనే పాడైంది, మిగతాదీ చేయండి. తగ్గకపోతే పొర మొత్తం తీసి మళ్ళీ వేయించాలి.

నల్లబడిన చక్రం టైరు ఎలాగూ విప్పుతారు కదా, అప్పుడే పని కానివ్వండి. నీటి రాపిడి కాగితం 400తో మొదలుపెట్టి 800, 1200, 2000. ప్రతి కాగితానికీ అంతకు ముందు కాగితం గీతలు పోయాయని చూసుకున్నాకే ముందుకు వెళ్ళాలి. చాలామంది 400 దగ్గర తొందరపడతారు, ఆ గీతలు చివరి మెరుపులో దెయ్యాల్లా పైకి లేస్తాయి. తర్వాత మెటల్ పాలిష్, తర్వాత జిడ్డు పోయేలా తుడిచి వార్నిష్. వార్నిష్ వేయకపోతే ఏడాది తిరగకుండా మళ్ళీ ఇక్కడికే వస్తారు.

చాందా_నల్లదుమ్ము
ఇంత శ్రమ ఎందుకు, నాలుగింటికీ పౌడర్ కోటింగ్, అదే రంగు పొడి చల్లి కొలిమిలో కాల్చేది, చేయిస్తే పోలేదా?

దామన్‌జోడి_బాక్సైట్
చేయించవచ్చు, కానీ కొలిమి వేడి అడిగి చేయించాలి. పొడి కరిగి గట్టిపడటానికి సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీలు పెడతారు. పోత చక్రానికి బలం తెచ్చేదే వేడి చికిత్స. మరీ ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే ఆ బలం పోయి లోహం మెత్తబడుతుంది. తక్కువ వేడికి ఉడికే పొడి ఉంటుంది, అది అడగండి. "వేడి ఎంత" అని అడిగితే విసుక్కునే చోట చేయించకండి.

మెకానిక్_మావయ్య
నట్టు కూర్చునే గుంటలోనూ, హబ్బుకు ఆనే వెనక ముఖం మీదా పొడి పడకుండా మూయమనండి. అక్కడ రంగు మందంగా ఉంటే బిగించాక అది నలిగి నట్టు వదులవుతుంది. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించి చూసుకోవాలి. ఎవరితో చేయించినా సరే.

బరంపురం_పాతకారు
రెండు వారాల తర్వాత వస్తున్నాను.

వెనక ఎడమ టైరు విప్పించాను. పండితుడు గారు చెప్పినట్టే రిమ్ము చుట్టూ తెల్లటి పొక్కులు, ఒక చోట వేలెడంత. పంక్చర్ షాపతను "అరె, ఇదేనా!" అని తనే ఆశ్చర్యపోయాడు. శుభ్రం చేసి ఎక్కించాక పదకొండు రోజులైంది, గాలి ఒక పాయింటు కూడా తగ్గలేదు. ముఖాన్ని రాపిడి కాగితాలతో నేనే రుద్దాను. 400 దగ్గర తొందరపడ్డాను. మావయ్య గారు చెప్పిన దెయ్యాలు లేచాయి, మళ్ళీ మొదటికి వెళ్ళాను. ఒక్క చక్రానికి ఒక ఆదివారం మొత్తం, బొటనవేలి గోరు కొంత.

మిగతా మూడింటిలో రెండింటికి బాడీ పాలిష్‌తో మసక పోయింది. ముందు ఎడమది తగ్గలేదు. కుర్రాడు మొదట పిచికారీ చేసింది దానికే, మిగతావి అయ్యేదాకా దాన్ని అలాగే వదిలేశాడు. దాన్ని విశాఖపట్నం వెళ్ళినప్పుడు చేయించాలి.

ఆ కుర్రాడికి ఒక జత రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు కొనిచ్చాను. దుకాణం ఆయన ముఖం చిట్లించాడు కానీ వద్దనలేదు. సీసా మాత్రం ఇంకా అక్కడే ఉంది.

పర్లాకిమిడి_టీచరమ్మ
మెరిసిన చక్రం ఫొటో పెట్టలేదు మరి?

బరంపురం_పాతకారు
పెడతాను. పక్క చక్రాల కన్నా అదే ఎక్కువ మెరుస్తోంది, ఇప్పుడు మిగతా మూడూ పాతగా కనిపిస్తున్నాయని మా ఆవిడ అంటోంది.

పంక్చర్_పండితుడు
అన్నీ చూశారు, స్టెప్నీ చూశారా?

బరంపురం_పాతకారు
ఇప్పుడే డిక్కీ ఎత్తి చూశాను. అది అల్లాయ్ కాదు, ఇనుము. తివాచీ కింద నీళ్ళు నిలిచి, రిమ్ము మొత్తం ఎర్రగా పెచ్చులు లేచి ఉంది. టైరులో గాలి సున్నా.

మెకానిక్_మావయ్య
వైరు బ్రష్షు, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, పైన వెండి రంగు. కానీ నాయనా, దానికి వేరే చర్చ మొదలుపెట్టు.